బరువైన తెలుగు

“నలుగురిలో మాట్లాడేటప్పుడు మాటకి బరువుండాలి, ధనశ్రీ,” అన్నాడు దేవీప్రసాద్.

ధనశ్రీ అప్పుడు నిండు గ్యాస్ బండని వరండాలోంచి వంటింట్లోకి దొర్లించుకొస్తోంది. పప్పు సగం ఉడికేసరికి పాత బండ అయిపోయింది. అత్తగారు సూర్యకాంతమ్మ గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, కొత్తగా వేయించిన టైల్స్ మీద గీతలు పడతాయేమోనని బండ వంకే చూస్తోంది. దేవీప్రసాద్ భోజనాల బల్ల దగ్గర భార్య ఫోను పట్టుకుని, అందులో ఆమె రాసుకున్న నాలుగు వాక్యాలు దిద్దుతున్నాడు. ఆ రోజు వాళ్ళ ఫ్యాక్టరీలో మాక్ డ్రిల్లు. విషవాయువు లీకైతే ఎటు వెళ్ళాలో మైకులో చెప్పాల్సిన మనిషి ధనశ్రీ.

“‘గాలికి ఎదురుగా వెళ్ళండి’ అని రాశావు. ఏం మాట అది? చిన్నపిల్లలకి చెప్పినట్టుంది. ‘పవనాభిముఖంగా తక్షణమే నిష్క్రమించండి’ అని మార్చాను. ఏదీ, ఒకసారి అను.”

ధనశ్రీ బండకి రెగ్యులేటరు బిగిస్తూ అంది. ఒక్క అక్షరం కూడా తడబడలేదు. ఆయన తృప్తిగా తలాడించి, టిఫిను ఇంకా కాలేదా అని అడిగాడు.

పరవాడ మందుల ఫ్యాక్టరీల్లో ఒకదానిలో ఇద్దరికీ ఉద్యోగం. ఆయన హెచ్‌ఆర్‌లో, ఆమె సేఫ్టీలో. గాజువాక నుంచి ఒకే బండి మీద వెళ్తారు, ఒకే బండి మీద తిరిగొస్తారు. వచ్చాక ఆయన కాళ్ళు కడుక్కుని టీవీ ముందుకి, ఆమె కాళ్ళు కడుక్కుని పొయ్యి ముందుకి. ఇందులో వింతేం లేదు, మన ఇళ్ళలో సగం ఇలాగే నడుస్తున్నాయి. వింతల్లా ఏమిటంటే, ధనశ్రీ నోట్లో ఉన్న తెలుగు ధనశ్రీది కాదు.

ఆమె పుట్టింది ముత్యాలమ్మపాలెంలో, సముద్రం మీద వేటకెళ్ళే ఇంట్లో. అనకాపల్లిలో డిగ్రీ చదువుతుండగా దేవీప్రసాద్ ఇష్టపడ్డాడు. వాళ్ళది యలమంచిలి దగ్గర వ్యవసాయం. పెద్దవాళ్ళు ఏడాది పాటు మూతులు ముడుచుకుని, ఆఖరికి పెళ్ళి చేశారు. కొత్తలో ఆడపడుచు గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు, మర్నాటి నీచు భోజనాల్లో ధనశ్రీ వడ్డనకి దిగింది. పంక్తిలో కూర్చున్న ఆడపడుచు మొగుడితో, మామూలుగా, పుట్టింట్లో అన్నట్టే, “ఇంకో తునక ఏసుకోండి అన్నయ్యగారూ, సేప తాజాగుంది, మా నాన్న ఏటకెల్లి తెచ్చినాడు” అంది. ఆయన విస్తరి మీద చెయ్యి ఆపి, ఆ మాటల్ని అచ్చం ఆమె యాసలోనే తిరిగి అన్నాడు. పంక్తి మొత్తం నవ్వింది. అవతలి పంక్తి వాళ్ళు ఏమైందని అడిగితే ఆయన వాళ్ళ కోసం మళ్ళీ అన్నాడు. ఆ గరిటె పట్టుకునే ధనశ్రీ పంక్తి చివరిదాకా వడ్డించుకుంటూ వెళ్ళింది, మధ్యలో వదిలేసి ఎక్కడికి పోతుంది?

సూర్యకాంతమ్మ ఇంటికొచ్చాక కోడల్ని కూర్చోబెట్టి బుద్ధి చెప్పింది. “నీ మాట సేపల తట్టలోంచి సరాసరి ఇస్తర్లోకి దూకుతాదమ్మా. కూసింత కడుక్కుని మాట్లాడు.” గురివింద గింజ తన కింద నలుపు ఎరగదట. ఆవిడ కూడా పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడు ‘చేప’ అనలేదు, ‘సేప’ అనే అంది. కానీ ఆవిడ సేప వేరు, కోడలి సేప వేరు.

అప్పటి నుంచి దేవీప్రసాద్ గురువయ్యాడు. సాయంత్రం ఆమె చపాతీలు ఒత్తుతుంటే పేపర్లో సంపాదకీయం పైకి చదివేవాడు. ‘సమాయత్తం’, ‘ఆవశ్యకత’, ‘తద్వారా’ లాంటి మాటలు ఆమె చేత అనిపించేవాడు. ఇంట్లో ‘నాను’, ‘ఏటి’, ‘నేదు’ వినబడితే వినబడనట్టు ఊరుకునేవాడు, మళ్ళీ సరిగ్గా అనేదాకా జవాబిచ్చేవాడు కాదు. ఉప్పు కావాలన్నా ఊరెళ్ళాలన్నా అంతే. ధనశ్రీ చురుకైనది, గురువుని మించిపోయింది. అబద్ధమెందుకు, ఆమెకది నచ్చింది కూడా. బ్యాంకులో ‘దయచేసి’ అంటే క్యాషియరు తలెత్తి చూసేవాడు. దుకాణంలో ‘మేడం’ అనేవారు. మేనేజరు శ్రీరామ్మూర్తి ఒకసారి ఆమె మాట్లాడటం విని, రేడియో విన్నట్టుందని మెచ్చుకుని, మహిళా కార్మికులకి రోజూ పొద్దున్న సేఫ్టీ మీటింగు పెట్టే పని ఆమెకి అప్పగించాడు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయిందని దేవీప్రసాద్ సంబరపడ్డాడు. మా ఆవిడది యలమంచిలే అని ఆఫీసులో ముందే చెప్పి ఉంచాడు గనక, ఇక అనుమానం రావడానికి సందే లేదు.

సందు ఒకచోట ఉంది. డ్రమ్ములు కడిగే సెక్షన్లో సీతాలు పనిచేస్తుంది. స్వయానా ధనశ్రీ పెదనాన్న కోడలు, వరసకి వదిన. చిన్నప్పుడు ధనశ్రీకి జడలు వేసిన చేతులవి. ఫ్యాక్టరీలో మొదటిసారి ఎదురుపడినప్పుడు సీతాలు మొహమంతా నవ్వు చేసుకుని నోరు తెరిచింది. పక్కన దేవీప్రసాద్, ఇంకో ఇద్దరు ఆఫీసు మగవాళ్ళు ఉన్నారు. “మీరు ఏ విభాగంలో పనిచేస్తున్నారు?” అంది ధనశ్రీ. సీతాలు నోరు మూసుకుంది. “డ్రమ్ముల కాడండి మేడం,” అంది. ఆ తరవాత ఎప్పుడూ మేడం అనే పిలిచింది, ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పొద్దుటి సేఫ్టీ మీటింగు వెనక యార్డులో జరుగుతుంది. ఆడవాళ్ళందరూ కాంట్రాక్టు మనుషులు, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. మొదటి వారం ధనశ్రీ భద్రతా ప్రతిజ్ఞ చదవడం మొదలుపెట్టగానే, అందరికన్నా పెద్దదైన చిలకమ్మ వంగి సేఫ్టీ బూట్లు విప్పి పక్కన పెట్టింది. అది చూసి ఆ పక్కావిడ విప్పింది. ఆ మర్నాటికి అందరూ బూట్లు వరసగా పెట్టి, ఉత్త కాళ్ళతో, చేతులు జోడించి నిలబడటం మొదలుపెట్టారు. బూట్లు విప్పకూడదని చెప్పడమే ఆమె ఉద్యోగం. కానీ చెప్పలేదు. అన్నేళ్ళూ నవ్వులపాలైన నోటికి అంత గౌరవం దక్కితే ఎవరు కాదనుకుంటారు? రోజూ ఆ చేతుల్ని చూసి గొంతు ఇంకాస్త సవరించుకునేది, ఇంకాస్త పెద్ద మాట వేసేది.

డ్రిల్లుకి పక్క ఫ్యాక్టరీల నుంచి పరిశీలకులు వచ్చారు. సాల్వెంట్ షెడ్డు దగ్గర పసుపు రంగు పొగ డబ్బా పేలుస్తారు. పొగ ఎవరి దాకా వస్తే వాళ్ళ చేతికి ఎర్ర రిబ్బను కడతారు, వాళ్ళు చనిపోయినట్టు లెక్క. ధనశ్రీ మేడ మీద కంట్రోల్ రూములో, అద్దం కిటికీ ముందు, మైకు దగ్గర కూర్చుంది. వెనక దేవీప్రసాద్ నిలబడ్డాడు.

సైరన్ మోగింది. కింద యార్డులో ఆడవాళ్ళు ఉలిక్కిపడి చేతిలో పనులు వదిలేశారు. గుంపుగా మెయిన్ గేటు వైపు నాలుగడుగులు వేశారు. అది గాలి పోయే వైపే, పొగ కూడా అటే వస్తుంది. ధనశ్రీ మైకు నొక్కింది. “కార్మిక సోదరీమణులకు విజ్ఞప్తి. ప్రాంగణమునందు విషవాయువు వ్యాపించుచున్నది. పవనాభిముఖంగా తక్షణమే నిష్క్రమించండి.”

వాళ్ళు ఆగిపోయారు. చిలకమ్మ వంగింది, బూట్లు విప్పింది. వరసలో అందరూ విప్పారు. విప్పి, పక్కన పెట్టి, చేతులు జోడించి, స్పీకరు ఉన్న స్తంభం వైపు తిరిగి నిలబడ్డారు. పసుపు పొగ షెడ్డు మీంచి దిగి వాళ్ళ వైపు వస్తోంది. కళ్ళు మండాయి కాబోలు, ఒక్కొక్కళ్ళే కళ్ళు మూసుకున్నారు. ధనశ్రీ వాళ్ళని కదిలించాలని నోరు తెరిచింది. ఏదో ఒక అరుపు, ఒడ్డు మీద నిలబడి అల లోపలికి పోతున్న పిల్లని చూసి తల్లి అరిచే అరుపు, గొంతు దాకా వచ్చి అక్కడే ఇరుక్కుపోయింది. “దయచేసి...” అంది మైకులో. “దయచేసి... పవనాభిముఖంగా...” వాళ్ళు చేతులు ఇంకా గట్టిగా జోడించారు. పొగ వాళ్ళని పూర్తిగా కప్పేసింది.

“బాగా చదివావు,” అన్నాడు వెనకనుంచి దేవీప్రసాద్.

మేడ దిగి ధనశ్రీ క్యాంటీన్ షెడ్డుకి వెళ్ళింది. షెడ్డులో ఆడవాళ్ళందరూ నేల మీద కూర్చుని ఉన్నారు. ప్రతి చేతికీ ఎర్ర రిబ్బను. వయసులో ఉన్న పిల్లలు కొందరు రిబ్బన్లు విప్పి జడల్లో పెట్టుకున్నారు. పని లేని పూట దొరికిందని హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు.

“మేడం, మావు సచ్చిపోనామట కదా,” అంది సీతాలు నవ్వుతూ. “సచ్చిపోనోల్లకి టీ ఇత్తారా, ఇవ్వరా?”

అందరూ పడీపడీ నవ్వారు. ధనశ్రీకి నవ్వు రాలేదు.

“సైరన్ వినబడలేదా?” అంది.

“ఇనబడింది. గేటు యేపు బయల్దేరినాం కూడాను. అంతలోకి మీరు సదవడం మొదలెట్టినారు. మద్దిలో ఎలిపోతే బాగుంటదేటి? ఆగినాం.”

“బూట్లెందుకు విప్పారు?”

“మీ సదువుకి రోజూ ఇప్పుతాం కదండీ.”

“నేను చదివింది ఎటు వెళ్ళాలో చెప్పే మాట కదా. అది అర్థం కాలేదా మీకు?”

సీతాలు ఆ ప్రశ్న ఏమిటో తెలియనట్టు చూసింది. పక్కనున్న చిలకమ్మ వైపు చూసింది. “మంత్రానికి అర్దం ఎవులడుగుతారు మేడం? పంతులుగారు సదువుతారు, మనం దండం ఎడతాం. మంచే జరుగుద్దని నమ్మకం. మీరు సదివినా అలగే ఉంటది. బలే సదువుతారు.”

“ఆ గొంతు ఇన్నాక ఆ రోజంతా మనసు పెశాంతంగా ఉంటదమ్మా,” అంది చిలకమ్మ.

పొగడ్తే అది. మనస్ఫూర్తిగా అన్న మాట. ధనశ్రీని చెంప మీద కొట్టినా అంత దిమ్మెర పోయేది కాదు. ఇన్ని నెలల నుంచి తను ఏం చెప్పింది వీళ్ళకి? యాసిడ్ పడితే ఏం చెయ్యాలో చెప్పింది, ఏ డ్రమ్ము మూత తియ్యకూడదో చెప్పింది. రోజూ చెప్పింది, రోజూ దండం పెట్టారు. ఒక్క ముక్క కూడా చేరలేదు.

“ఇన్నాళ్ళూ ఒక్కరైనా అడగలేదేం?” అంది.

సీతాలు లేచి దగ్గరికొచ్చింది. మాట తగ్గించింది. “అడిగితే సెప్పీవోలికి సెప్పడం రానేదన్నట్టుంటది కదా. అందరి ముందర నిన్ను... మిమ్మల్ని సిన్నబుచ్చుతానేటి నాను?” అని, నాలిక కరుచుకుని, టీ బకెట్టు వచ్చిందని అటు వెళ్ళిపోయింది.

ఏసీ గదిలో సమీక్ష జరిగింది. శ్రీరామ్మూర్తి హుషారుగా ఉన్నాడు. “ఒక్క అరుపు లేదు, తోపులాట లేదు. మగవాళ్ళ సెక్షన్లో తోసుకుని ఇద్దరు పడ్డారు. ఆడవాళ్ళని చూడండి, ఏం క్రమశిక్షణ. ఇదంతా మేడం ట్రైనింగు.”

“సర్, వాళ్ళందరూ చనిపోయారు,” అంది ధనశ్రీ.

అందరూ నవ్వారు. “లెక్కకి మేడం, లెక్కకి,” అన్నాడు ఒకాయన. దేవీప్రసాద్ అందరికన్నా ముందు నవ్వాడు. రేపు పొద్దుటి మీటింగుకి హైదరాబాద్ నుంచి వైస్ ప్రెసిడెంటు వస్తున్నాడు గనక, ఆయన ముందు ఇంకోసారి అదే చదివేస్తే సరిపోతుందని, రిపోర్టులో ‘పునశ్చరణ నిర్వహించబడినది’ అని వేసేద్దామని శ్రీరామ్మూర్తి తేల్చేశాడు. సమోసాలు వచ్చాయి.

ఇంటికొచ్చి ధనశ్రీ చెప్పులు కూడా విప్పకుండా హాల్లో కూర్చుండిపోయింది. కళ్ళ ముందు ఆ జోడించిన చేతులే. సూర్యకాంతమ్మ వచ్చి, పొయ్యి ఇంకా వెలగలేదేమని అడిగింది. దేవీప్రసాద్ తల్లికి జరిగింది చెప్పాడు, కాస్త నవ్వు కలిపి.

“ఉత్తుత్తికి సచ్చినోల్ల కోసం నిజం వంట మానేత్తావేటమ్మా?” అంది సూర్యకాంతమ్మ. “లెగు, వంకాయలు తరుగు.”

ధనశ్రీ లేచింది. వంకాయలు తరిగింది కూడా. చెయ్యి అలవాటు పడ్డ పని, మనసుతో పన్లేదు. గుత్తులన్నీ ఉప్పునీళ్ళలో వేసి, చేతులు తుడుచుకుని, టీవీ ముందుకొచ్చి నిలబడింది.

“రేపు మామూలు మాటల్లో చెప్తాను,” అంది.

“తప్పు నీది కాదు. పదం కరెక్టే,” అన్నాడు దేవీప్రసాద్, టీవీలోంచి కళ్ళు తిప్పకుండా. “చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, వాళ్ళకి చెప్పడం. ఇంకొంచెం గట్టిగా చదువు, చాలు.”

“మామూలుగా చెప్తాను. మా ఊళ్ళో చెప్పుకున్నట్టు.”

ఆయన రిమోట్ కింద పెట్టాడు. “వైస్ ప్రెసిడెంటు ముందు నిలబడి ఏటీ గీటీ అంటావా? నోరు తెరిచిన మరుక్షణం తెలిసిపోద్ది నువ్వే ఊరిదానివో. ఇన్నేళ్ళ బట్టి మనది యలమంచిలి అని సెప్పుకొస్తన్నాను ఆఫీసులో. నా మొకం ఎక్కడెట్టుకోమంటావు?” కోపమొస్తే ఆయన నాలిక కూడా తిన్నగా సొంతూరు వెళ్ళిపోతుంది. తరవాత సర్దుకుని, మెత్తగా అన్నాడు. “అది సందర్భోచితం కాదు, ధనశ్రీ.”

ఆ మాట విని ఆమె అక్కడే ఆగిపోయింది. ఈ మాట ఆమె ఇంతకు ముందు విన్నది. ఈ ఫ్లాటులోకి దిగినప్పుడు పాలు పొంగించే రోజుకి అమ్మని పిలుద్దామంటే, ఇదే గొంతుతో, ఇంత మెత్తగానూ, ‘సందర్భోచితం కాదు’ అన్నాడు. ఆమె ఊరుకుంది. ఎంత మంచి మాట, ఎంత నున్నగా ఉంది, పోట్లాట లేదు, తిట్టు లేదు. నాన్న పోయినప్పుడు పెద్దకర్మ దాకా అక్కడ ఉండిపోతానంటే ‘ఉభయ కుటుంబాల మర్యాద దృష్ట్యా’ అన్నాడు. మర్నాడే వెనక్కి వచ్చి ఇక్కడ అందరికీ వండింది. తన జీతం ఆయన ఖాతాలో పడాలన్నప్పుడు ‘సమన్వయం’ అన్నాడు. పిల్లల మాట వాయిదా వేస్తూ ‘పరిపక్వత’ అన్నాడు. ఏ ఒక్క దానికీ అర్థం ఏమిటని తను అడగలేదు. మీ అమ్మ దగ్గర చేపల వాసనొస్తుంది, ఆవిడ రావద్దు అని మామూలు తెలుగులో అని ఉంటే, ఏ ఆడపిల్లైనా ఆ పూట గిన్నె విసిరికొట్టేది. ఆయన పెద్ద మాట అన్నాడు, తను చేతులు జోడించింది. యార్డులో ఆడవాళ్ళు కొన్ని నెలలే అలా నిలబడ్డారు. ఈ హాల్లో తను ఏళ్ళ తరబడి ఉత్త కాళ్ళతో నిలబడే ఉంది. ఆ సంగతి తెలిసి ధనశ్రీ తన కాళ్ళ వంక చూసుకుంది.

“ఏమైంది?” అన్నాడు దేవీప్రసాద్.

“ఏం లేదు,” అని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

కుళాయి విప్పి, అద్దంలో చూసుకుంటూ, రేపు చెప్పాల్సింది చిన్నప్పటి భాషలో అనుకోబోయింది. రాలేదు. ‘నాను’ అంది, సిగ్గేసింది, ఎవరినో వెక్కిరిస్తున్నట్టుంది. ఆడపడుచు మొగుడు పంక్తిలో అన్నట్టే ఉంది. మళ్ళీ అంది, ఇంకా ఘోరంగా ఉంది. ఏ మాట పట్టుకున్నా పేపరు మాటే తేలుతోంది. తనని తాను ఇంతగా తుడిచేసుకుందా? భయమేసింది. ఫోను తీసి ముత్యాలమ్మపాలెం కలిపింది.

“అమ్మా, నానే. ఏటి సేత్తన్నావ్?” అంది.

అవతల ఆమె తల్లి చిట్టమ్మ. వెనక సముద్రం హోరు, ఎవరో చంటిపిల్ల ఏడుపు. “ఎవులమ్మా మాట్లాడతన్నది?” అంది.

ధనశ్రీ నోరు నొక్కుకుంది. కూతురు పెద్ద తెలుగులో మాట్లాడితే గుర్తుపట్టే అలవాటు పడిపోయింది తల్లికి. సొంత మాట మాట్లాడితే ఎవరో పరాయిదనుకుంది.

“నానే అమ్మా. ధనాన్ని.”

“ధనమా,” అంది చిట్టమ్మ. గొంతు మారిపోయింది. “ఏటయ్యిందే? ఎవులేటన్నారు నిన్ను?”

“ఎవులూ ఏటీ అనలేదు. గాలికి ఎదురెల్లమని మడిసికి ఎలగ సెప్తావమ్మా?”

“అదేటి అడగడం. మొకానికి గాలి తగిలీ యేపు నడు అని సెప్తాను.” చిట్టమ్మకి ముక్కు ఎగబీల్చడం వినబడింది. “ఏడుత్తన్నావేటే?”

“నేదమ్మా,” అంది ధనశ్రీ, ఏడుస్తూనే. కుళాయి ఇంకాస్త తిప్పి, తల్లితో చాలాసేపు మాట్లాడింది. బయట వంట ఆలస్యమవుతోందని సూర్యకాంతమ్మ రెండుసార్లు తలుపు తట్టింది. మొదట్లో ప్రతి మాటా గొంతుకి అడ్డం పడింది. తరవాత్తరవాత తేలికైంది.

మర్నాడు యార్డులో ముందు వరసలో కుర్చీలు వేశారు. వైస్ ప్రెసిడెంటు, శ్రీరామ్మూర్తి, హెచ్‌ఆర్ వాళ్ళు, అందరూ కూర్చున్నారు. దేవీప్రసాద్ తను దిద్దిన వాక్యాలు తెరిచి ఫోను ధనశ్రీ చేతికిచ్చాడు. “నెమ్మదిగా, స్పష్టంగా,” అన్నాడు. ఆమె మైకు దగ్గరికి నడిచింది. ఎదురుగా ఆడవాళ్ళు అప్పుడే వంగి బూట్ల లేసులు విప్పుకుంటున్నారు.

ఆమె ఫోను తిరగేసి బల్ల మీద పెట్టింది. ఈ నోరు తెరిస్తే ఏమేం పోతాయో ఆమెకి తెలుసు. ‘మేడం’ అనే పిలుపు పోతుంది, ఇంట్లో ఇంక మునుపటిలా కూర్చునే చోటుండదు. తెరవకపోతే ఏం పోతుందో నిన్న కంట్రోల్ రూము అద్దంలోంచి చూసింది.

“ఎవులూ జోల్లు ఇప్పకండి,” అంది.

లేసుల మీద చేతులు ఆగిపోయాయి.

“నాను ధనాన్ని. మాది ముత్యాలమ్మపాలెం. చిట్టమ్మ కూతుర్ని, మావోలు ఏటకెల్తారు. సీతాలు మా పెదనాన్న కోడలు, నాకు వదిన. ఇన్నాలూ మీకు సదివింది మంత్రం కాదు. మీకు అర్దం కానేదంటే తప్పు మీది కాదు, సెప్పిన నాది.” మైకు దగ్గరికి లాక్కుంది. “సైరన్ మోగితే నా మైకు కోసం ఆగకండి. నాను సదువుతన్నా ఆగకండి. ఆ షెడ్డు కొప్పు మీద ఎగిరీ గుడ్డ గొట్టం సూడండి. అది ఎటు ఎగిరితే గాస్ అటే పోద్ది. మీరు అటు పోకండి. మొకానికి గాలి తగిలీ యేపు లగెత్తండి.”

కుర్చీల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. వైస్ ప్రెసిడెంటు వంగి శ్రీరామ్మూర్తి చెవిలో ఏదో అడిగాడు. దేవీప్రసాద్ మొహంలో నెత్తుటి చుక్క లేదు, తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. ధనశ్రీ ఒక నవ్వు కోసం ఎదురుచూసింది. పంక్తిలో వచ్చినట్టు ఈ మూల నుంచో ఆ మూల నుంచో వస్తుందనుకుంది. రాలేదు. సీతాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళతో చూస్తోంది. మిగతావాళ్ళు కొప్పు మీద గుడ్డ గొట్టం వైపు, ఆ తరవాత ధనశ్రీ వెనక వైపూ చూసి, ఒకళ్ళతో ఒకళ్ళు ఏదో అనుకుంటున్నారు.

చిలకమ్మ చెయ్యెత్తింది. ఆ యార్డులో అలా చెయ్యెత్తడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

“అమ్మీ, ఒక్క మాట అడగొచ్చా?”

“అడుగు పిన్నీ.”

“గాలి రోజూ సముద్రం కాడి నుంచి కదా కొడతాది. దానికి ఎదురెల్లాలంటే మావు ఎనక గేటు యేపే లగెత్తాల. ఆడోల్లం మద్దిలో ఇంటికెలిపోతామని ఆ గేటుకి ఎప్పుడూ తాళమేసి ఉంచుతారు కదా. మరి ఆ తాళం తీసీదెవులు?”

ధనశ్రీ వెనక్కి తిరిగి చూసింది. ఇనప గేటు, దానికి గొలుసు, గొలుసుకి తాళం. రోజూ ఆ గేటుకి వీపు పెట్టి నిలబడి మాట్లాడింది. పవనాభిముఖంగా అని రాసిన మనిషి, దాన్ని చదివిన మనిషి, విని మెచ్చుకున్న మనుషులు, ఆ దారి ఎక్కడ ముగుస్తుందో ఒక్కరూ చూడలేదు. నిన్న పొరపాటున వాళ్ళకి ఆ మాట అర్థమై ఉంటే, అర్థమై నమ్మి పరిగెత్తి ఉంటే, అందరూ ఆ గొలుసు దగ్గరే ఇరుక్కుపోయేవారు. ధనశ్రీ కుర్చీల వైపు చూసింది. శ్రీరామ్మూర్తి దేవీప్రసాద్‌ని చూశాడు. తాళంచెవి హెచ్‌ఆర్ సొరుగులో ఉంటుంది, ఆ తాళం వేయించిందీ దేవీప్రసాదే.

“మేడం, ఆ విషయం తరవాత చర్చిద్దాం,” అన్నాడు శ్రీరామ్మూర్తి నవ్వుతూ. “షిఫ్టు టైమైంది. వాళ్ళని లోపలికి పంపించండి.”

ధనశ్రీ మైకు వదల్లేదు.

“ఆ తాళం తీసీదాకా ఎవులూ లోపలికి ఎల్లకండి,” అంది.